మొప్ప

ద్వారకానగర్‌లో, లిఫ్టు పనిచేయని బిల్డింగు మూడో అంతస్తులో
నేను నమ్మకం నేర్పుతాను.
శని, ఆదివారాలు. పదకొండు స్లైడ్లు. జీఎస్టీ అదనం.
"మీరే ఒక బ్రాండు" అంటాను మొదటి స్లైడు దగ్గర
ఏసీ చప్పుడు కంటే గొంతు కాస్త పెంచి.
నా పేజీకి పద్దెనిమిది వేలమంది.
అందులో పన్నెండు వేలు ఒక్క రాత్రిలో కొన్నవి.
ఆ ముక్క ఏ స్లైడులోనూ లేదు.

వాసుపల్లి నూకరత్నం పేజీ చూపించింది మా ఆవిడ.
మూడొందల పన్నెండు మంది.
ప్రొఫైల్ ఫొటోలో మనిషి లేదు, తట్ట ఉంది.
రోజూ తెల్లారి ఐదున్నరకి
ఫిషింగ్ హార్బర్ జెట్టీ మీంచి ఒక్క వీడియో.
సరైన వెలుగుండదు. వెనక వేలంపాట కేకలు, ఐసు ఆడే మిషను.
పోర్టు బొగ్గుపొడి పట్టిన కెమెరా అద్దాన్ని
కొంగుతో ఓసారి తుడిచి
బొటనవేలితో చేప మొప్ప ఎత్తుతుంది.
"ఇదుగో కోనాం. రాత్రి పడ్డాది.
ఈ కవళ్ళు మట్టుకు నిన్నటివి.
ఇగురుకి పనికొస్తాయి గానీ
పసిపిల్లలున్న ఇంటికి ఒద్దు."
అంతే. నమస్కారమైనా చెప్పదు.

జాలేసింది నాకు.
ఉచితంగా చేసిపెడతానని ఓ బుధవారం వెళ్ళాను,
రింగులైటు, కాలరు మైకు, మూడుకాళ్ళ స్టాండు.
జెట్టీ జారుడుకి స్టాండు నిలబడలేదు,
ఓ కలాసీ పట్టుకుని నించున్నాడు.
"కాస్త నవ్వమ్మా" అన్నాను.
"సేపని సూత్తారా, నా పళ్ళు సూత్తారా?" అంది.

ఇంటికొచ్చి ఎరుపు పెంచాను.
ఎక్కువ కాదు, ఒక్క గీత.
మొప్ప అప్పుడే పెట్టిన పారాణిలా మెరిసింది.
చీకటి పడేలోగా తొమ్మిది వేలమంది చూశారు.
పన్నెండో స్లైడు దొరికిందనుకుని
ఆ రాత్రి బాగా నిద్రపోయాను.

మర్నాడు ఐదున్నర. అదే జెట్టీ.
"నిన్న నా పేరున వచ్చిన బొమ్మలో సేప
నిజంగా అంత ఎర్రగా నేదు. తీసేసినాను.
దాన్ని సూసి కొన్నోలు డబ్బులకి రండి."
ఆరుగురు వచ్చారట.
ఇద్దరు అప్పటికే వండుకుని తినేశారు, వాళ్ళకీ ఇచ్చేసింది.
పదహారు వందల నలభై.
నాకు ఫోను చెయ్యలేదు.
నాలుగు తిట్టినా బావుండేది.

ఏప్రిల్ పదిహేనున వేట ఆగింది.
మర బోట్లు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ హార్బర్‌లో నిలిచాయి.
నేను పాఠం చెబుతూనే ఉన్నాను:
"రోజూ ఏదో ఒకటి పెట్టాలి, ఖాళీ రాకూడదు."
ఆమె రోజూ పెట్టింది.
బోర్లించిన తట్ట.
"బోట్లు కదల్లేదు. నా కాడ సేప నేదు."
రెండోరోజూ తట్ట. ఇరవయ్యోరోజూ తట్ట.
ఓ రోజు దానిమీద పిల్లి పడుకుంది.
ఓ రోజు వాన కురిసింది.
మూడొందల పన్నెండు రెండొందల తొంభై అయింది.
నేను మాత్రం పళ్ళు తోముకోకముందే చూసేవాణ్ణి,
ఎందుకో తెలీదు.

నిషేధం ఎత్తేసిన నాలుగోనాడు వెళ్ళాను,
ఈసారి కొనడానికి.
పెద్ద గుంపేం లేదు. ఏడెనిమిదిమంది.
ఎంవీపీ కాలనీ నుంచి స్కూటర్ మీద వచ్చిన ముసలాయన,
హెల్మెట్ తియ్యని నర్సు ఒకామె.
ఎవరి సంచి వాళ్ళు తెరిచి పట్టుకున్నారు.
ఏ ఒక్కరూ
మొప్ప ఎత్తి చూడలేదు.

నా వంతు వచ్చింది.
చెయ్యి దానంతటదే వెళ్ళి, బొటనవేలు మొప్ప కింద దూరింది.
నూకరత్నం ఆపలేదు.
"సూసుకో బాబూ," అంది తూకం సరిచేస్తూ,
"నువ్వు సూసుకోవాల."

మూడో అంతస్తు మెట్ల మీద
ఫోను తెరవబోయాను, క్లాసుకి వేళవుతోంది.
వేలికింకా చేప తడి.
గుర్తించలేకపోయాం, అంది తెర.
ప్యాంటుకి తుడుచుకుని మళ్ళీ పెట్టాను.
గుర్తించలేకపోయాం.